పంపుకు కట్టిన పసుపు దారం

మా సాతంరాయిలో శ్రీలత గురించి ఒక మాట తిరుగుతోంది. అరవింద్ అనే పిల్లవాడు ఆమెను చూసి వద్దని వెళ్లిపోయాడట. ఆ పిల్లవాడే మా కవితను చేసుకుంటానంటే ఓర్వలేక, పెళ్లి జరగాల్సిన హాలుకు కాగితం ఇవ్వకుండా ఆపేసిందట. అది చాలదని హాలు యజమానురాలు ఎండబోసుకున్న మిరపకాయలను కోపంతో నీళ్లపాలు చేసిందట. ఈ మాట నేను మా వాడలో విన్నాను, శంషాబాద్ బస్టాండు దగ్గర విన్నాను, ఆఖరికి బడంగ్‌పేట్‌లో వియ్యంకుల ఇంట్లో చాయ్ తాగుతూ కూడా విన్నాను. మా వాడలో బుట్టెడున్న మిరపకాయలు బడంగ్‌పేట్ చేరేసరికి లారీ లోడు అయ్యాయి.

కవిత నా మనవరాలు. శ్రీలత మా ఎదురింటి సత్తయ్య బిడ్డ. మిరపకాయలు కొట్టుకుపోయిన రోజు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అక్కడే నిలబడిన మనిషిని నేను. ఇందులో ఏది జరిగిందో, ఏది గాలికి పుట్టిందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కాబట్టి నేనే చెబుతాను.

ముందు ఆ పిల్ల ఎలాంటిదో చెప్పాలి.

శ్రీలత పాలిటెక్నిక్ చదివింది. విమానాశ్రయం చుట్టూ ఉన్న హోటళ్లు, గోదాములు, దవాఖానలు, ఫంక్షన్ హాళ్లలో మంటలార్పే ఏర్పాట్లు సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా అని చూసే కంపెనీలో నౌకరీ. పొద్దున్నే టార్చిలైటు, రెంచీల సంచి స్కూటీ మీద పెట్టుకుని బయలుదేరుతుంది. ఎర్ర పైపులు, ఎర్ర సిలిండర్లు, గోడలకు ఎర్ర పెట్టెలు, ఆమె లోకమంతా ఎరుపే. ఒకసారి అడిగాను.

"ఏం బిడ్డా, పొద్దంత గా ఎర్ర రంగే చూస్తవ్. కండ్లు మండయా?"

"ఎవ్వలియి ఏవీ మండకుండ చూసుడే గద అవ్వా నా పని" అంది. మాటకు మాట ఇవ్వడంలో ఎక్కడా తగ్గదు.

ఆ పిల్లకు ఒక వింత అలవాటుంది. ఎవరింటికి వెళ్లినా, ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు పైకప్పు చూస్తుంది, తరువాత వెనక తలుపు చూస్తుంది, ఆ తరువాతే మనిషి ముఖం చూస్తుంది. సినిమాకు తీసుకుపోతే తిన్నగా సీట్లో కూర్చోదు. పక్క తలుపు తోసుకుని బయటికి వెళ్లి, అది ఎక్కడ తేలుతుందో చూసి, చుట్టూ తిరిగి వచ్చి అప్పుడు కూర్చుంటుంది. మా కవిత ఒకసారి ఆమె వెంట పోయి వచ్చి మొత్తుకుంది: "నానమ్మా, బయటికి పోయినంక గేటోడు మల్ల లోపటికి రానిస్తలేడు. టికెట్ చూపిచ్చుడు, గొడవ పెట్టుకునుడు, ఇంతల హీరో పెండ్లి అయిపోయింది!"

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. శ్రీలత ముందు తిట్టినా ఊరుకుంటుంది గాని, "జరసేపే గద" అని, కొంచెంసేపే కదా అన్నట్టు తేలిగ్గా తీసేస్తే మాత్రం ఊరుకోదు. మా వాడలో బట్టలు కుట్టే సునీత ఒకరోజు ఇస్త్రీపెట్టెను వేడివేడిగా గుడ్డల మూట పక్కన పెట్టి, శ్రీలత అటే చూస్తుంటే, "జరసేపే గదనే, పోతది తియ్యి" అంది. ఆ పిల్ల ముఖం చూడాలి! సునీతతో ఆ ఇస్త్రీపెట్టెకు రాతిపలకతో వేరే అరుగు కట్టించేదాకా ఆ దుకాణంలో జాకెట్టు కుట్టించుకోలేదు.

"మెట్ల మీద అట్టపెట్టెలు పెట్టేటోడు గదే అంటడు. వెనక తలుపుకు తాళమేసెటోడు గదే అంటడు. జరసేపే గద! మంటకు మాత్రం ఎంతసేపు కావాలె అవ్వా?" అంటుంది.

ఇలాంటి పిల్లను చూడడానికే పోయిన ఎండాకాలం బడంగ్‌పేట్ నుంచి అరవింద్ వాళ్లు వచ్చారు. చూశారు, చాయ్ తాగారు, వెళ్లారు. సంబంధం కుదరలేదు. ఎందుకు కుదరలేదో ఎవరూ చెప్పలేదు. ఎదురింట్లో సంబంధం తప్పిపోయింది, కారణం నాకు తెలియదు! ఇలాంటిది నా జన్మలో జరగలేదు. సత్తయ్యను అడిగితే "గట్ల రాసిపెట్టున్నది వదినా" అని తలపాగా దులుపుకుని చేనుకు వెళ్లిపోయాడు. శ్రీలతను అడగబోతే ఎప్పుడు చూసినా స్కూటీ మీదే ఉండేది. కొన్నాళ్లకు మా కవితకు సంబంధాలు చూస్తుంటే ఆ అరవిందే వచ్చాడు. "మీ ఊళ్లెనే ఇంకో పిల్లను చూసినం, కుదరలే" అని వాళ్లే ముందుగా చెప్పారు. పిల్లవాడు నెమ్మదస్థుడు, కవితకు నచ్చాడు. కార్తీకంలో లగ్గం పెట్టుకున్నాం.

హాలు మల్లేశ్వర్‌ది. పొలంలో సగం రోడ్డుకు పోతే మిగిలిన సగంలో కట్టాడు. మా ఊరి నుంచి శంషాబాద్ పోయే దారిలో పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే కనబడుతుంది. మల్లేశ్వర్ నన్ను చిన్నమ్మా అని పిలుస్తాడు, ఆయన భార్య దుర్గవ్వ అత్తా అంటుంది. దుర్గవ్వ ఉదయం దీపం పెట్టనిదే హాలు తాళం తీయనివ్వదు. అంతటి భక్తురాలు.

కవిత పెళ్లి జాకెట్ల కోసం సునీత దగ్గరికి వెళ్లిన రోజు ఆ పుకారు మొదటిసారి నా చెవిన పడింది.

"పెద్దమ్మా, జాకెట్లు కుట్టమంటవా, ఆగమంటవా?" అంది సునీత.

"ఆగుడేంది? లగ్గం ముంగట పెట్టుకొని!"

"హాలే లేదంటున్నరు గద. శ్రీలత కాగితం మీద సంతకం పెడ్తలేదట."

"ఎందుకు పెడ్తలేదట?"

సునీత కత్తెర కింద పెట్టింది. ఆమె కత్తెర కింద పెట్టిందంటే మాట బారెడు పొడుగుంటుందని అర్థం.

"అరవింద్ వాళ్లు ముందుగాల ఎవలను చూసిండ్రో యాదున్నదా? వద్దని పోయిండ్రు గద. గా కడుపుమంట గిప్పుడు తీర్చుకుంటున్నదట."

"నీకెవలు చెప్పిండ్రే?"

"అందరంటున్నరు."

"అందరంటె ఎవలు? పేరు చెప్పు."

"నువ్వు గిట్ల పోలీసోళ్ల లెక్క అడిగితే ఎట్ల పెద్దమ్మా! ఇగో, చేతులు పొట్టిగ పెట్టాల్నా, పొడుగు పెట్టాల్నా, గది చెప్పు."

ఇంటికి వచ్చేసరికి నా కొడుకు శేఖర్ ఫోను పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. హాలుకు ఏడాదికోసారి చేసే తనిఖీ శ్రీలత చేసిందట. అంతా బాగుంది గాని పంపు దగ్గర ఒక తప్పుందని, అది సరిచేసేదాకా తాను సంతకం పెట్టనని చెప్పి వెళ్లిందట. ఆ కాగితం సర్కారు ఆఫీసులో ఇవ్వకపోతే హాలు తెరవడానికి లేదు. లగ్గాల రోజులు, ఇంకో హాలు దొరకదు. శుభలేఖలు పంచడం కూడా అయిపోయింది.

"మల్లేశన్న కంపెనీకి ఫోన్ చేసి చెప్పిండట, వేరే మనిషిని పంపుండ్రని. నేను గూడ చేస్త. ఇద్దరు చెప్తె ఆమెను రావిర్యాల దిక్కు గోదాములకు ఏస్తరట. పోనీ! మన పిల్ల లగ్గం మీద ఆమెకేం పగ?" అన్నాడు శేఖర్.

"పగనా, పనా ఎట్ల ఎరుక నీకు? కండ్లతోని చూసినవా?"

"అందరంటున్నరమ్మా."

ఆ అందరు మా ఇంట్లోకి కూడా వచ్చేశారన్నమాట. "ఫోను జేబుల పెట్టు. నేను పోయి చూసొస్త. గప్పటిదాక ఎవలకు చేసేది లేదు" అని చెప్పి చెప్పులేసుకున్నాను. ఎదురింట్లో శ్రీలత అప్పుడే స్కూటీ తీస్తోంది.

"ఏడికే?"

"మల్లేశ్ కాక హాలుకే. ఇయ్యాల మల్ల రమ్మన్నడు."

"నడువు, నేనూ వస్తున్న" అని వెనక ఎక్కి కూర్చున్నాను. నా తలకు ఇంకో హెల్మెట్ లేదని అక్కడే నాతో గొడవ. చివరికి సునీత మొగుడి హెల్మెట్ అరువు తెచ్చి నా కొప్పు మీద బోర్లించేదాకా బండి కదపలేదు.

ఇక ఆ పంపుల గది సంగతి.

హాలు వెనక చిన్న గది. లోపల ఎర్రటి పెద్ద పంపు, పక్కన దాని పిల్లలాగా చిన్న పంపు, గోడకు స్విచ్చుల పెట్టె. తలుపు తీయగానే నాకు గుడిలో అడుగుపెట్టినట్టే అనిపించింది. పంపుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మెడకు ఎండిపోయిన బంతిపూల దండ. ముందర బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయలు. పసుపు దారం పంపు చుట్టూ తిరిగి, పైకి పాకి, గోడ మీది పెట్టెలో ఉన్న పెద్ద స్విచ్చుకు ముడి మీద ముడి పడి బిగిసి ఉంది.

"చూడు అవ్వా" అంది శ్రీలత. "గీ స్విచ్చు ఎప్పటికీ ఆటో మీద ఉండాలె. హాలు పైన సన్న గాజు గొట్టాలుంటయ్ చూసినవా? మంట వేడికి గవి పగిలి నీళ్లు దుంకుతయ్. నీళ్లు దుంకంగనే పైపుల బిగువు తగ్గుతది, పంపు దానంతటదే లేస్తది. ఎవ్వలు వచ్చి నొక్కే పని లేదు. గిప్పుడు బంద్ మీదున్నది. పైన ఏమైనా దీనికి తెల్వదు."

"బంద్ ఎవలు చేసిండ్రు?"

"నేనే అత్తా" అంది దుర్గవ్వ గుమ్మంలో నిలబడి. చేతులు నడుముకు పెట్టుకుని యుద్ధానికి వచ్చినట్టే ఉంది. "దసరాకు ఆయుధ పూజ చేసిన. గా దినం కొడవలి ఆగుతది, నాగలి ఆగుతది, మా ట్రాక్టర్ ఆగుతది. ఇది మిషిన్ కాదా? ఏడాది పొడుగు నిలవడి కావలి కాస్తది. దానికో దినం రెస్టు వద్దా? బంద్ చేసి, పండుకోవెట్టి, దారం కట్టిన. ఈ లగ్గాల హాలుకు దిష్టి తగలొద్దని, లగ్గాలు ఒడిసేదాక తియ్యనని మొక్కుకున్న. గీ పిల్లేమో తియ్యమంటది!"

"దారం తియ్యమనలే అత్తమ్మా. స్విచ్చు తిప్పుమన్న" అంది శ్రీలత.

"దారం తెంపక స్విచ్చు ఎట్ల తిరుగుతదే?"

"గదే గద నేను చెప్పేది!"

మధ్యలో మల్లేశ్వర్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "చిన్నమ్మా, నువ్వన్న చెప్పు. సంతకం పెట్టుమను. లగ్గాలు అయినంక తీసేస్తం. జరసేపే గద..."

అయిపోయింది. శ్రీలత మెడ నిటారుగా లేచింది. నేను చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను. లేకపోతే ఆ రోజు మల్లేశ్వర్‌కు ఏం వినబడేదో దేవుడికే తెలియాలి.

ఆమెను పక్కకు తీసుకెళ్లి అడిగాను: "ఏమే, నీ సంచిల కత్తెర లేదా? మొన్ననే కసుక్కున తెంపి ఆటోల పెట్టి పోతే ఈ కథంత ఉండకపోవు గద?"

"తెంపొచ్చు అవ్వా. నేను బండెక్కంగనే దుర్గవ్వత్త మల్ల బంద్ చేసి, గీసారి ఇంకింత గట్టిగ కడ్తది. నేను వచ్చేది ఏడాదికోసారి. ఆమె ఉండేది దినాం. ఆమె చేతులతోనే తియ్యాలె. అందుకే ఆగిన" అంది. ఆ తరువాత గొంతు తగ్గించింది. "ఆగినందుకు ఊర్ల ఏమంటున్నరో నాకు ఎరుకే. కంపెనీల గూడ అడిగిండ్రు. రావిర్యాల పొమ్మంటరేమో. పోతే పోయిన గని, గిట్ల బంద్ పంపు కింద కవితను పీటల మీద కూసోవెట్టమని నేనెట్ల రాసియ్యాలె?"

ఆ మాటతో నాకు పగ సంగతి తేలిపోయింది. కవిత పెళ్లి ఆపడం కాదు. కవిత నెత్తి మీద నీళ్లున్నాయా లేవా అని ఈ పిల్ల పట్టుదల. ఇక మిగిలింది దుర్గవ్వ. చదువుకున్నవాళ్ల మాట ఆమెకు ఎక్కదు. మొక్కు సంగతి మొక్కులు మొక్కేవాళ్లే మాట్లాడాలి.

"దుర్గవ్వా, ఇటు రా. నీ మామ దసరా మర్నాడు ఏం చేసెటోడు, యాదున్నదా?"

"ఏం చేసెటోడు? నాగలికి దండం పెట్టి, ఎడ్లు కట్టి, రెండు సాళ్లు కొట్టొచ్చెటోడు."

"ఎందుకు?"

"ఎందుకేంది అత్తా? పండుకోవెట్టిన నాగలిని మల్ల పనికి లేపాలె గద. లేపకుంటె..." అని దుర్గవ్వ ఆగిపోయింది. ఆమె చూపు మెల్లగా పంపు మీదికి పోయింది.

"మరి దీన్ని లేపినవా?"

దుర్గవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "లేపలే."

"పండుకోవెట్టుడు చేసినవ్, లేపుడు మర్సినవ్. సగం పూజ చేసి ఇడిసిపెట్టినవ్ గదనే!"

ఆమె ముఖం పాలిపోయింది. మల్లేశ్వర్ ఏదో అనబోతే, "నువ్వు ఊకో! సగం పూజ మీద హాల్ల ఇన్ని దినాలు దీపం పెడ్తున్న, ఒక్కలు చెప్పిండ్రా? టెంకాయ తే!" అని కసిరింది. ఆయన పరుగెత్తాడు. అంత లావు మనిషి అంత వేగంగా కదలడం నేను అంతకు ముందు చూడలేదు.

టెంకాయ కొట్టారు. కర్పూరం మాత్రం శ్రీలత గది బయటే వెలిగించనిచ్చింది. లోపల డీజిల్ ఉందట. దుర్గవ్వ దండం పెట్టుకుని, పళ్లతో ముడులు విప్పి, తన చేతులతోనే దారం తీసింది. తీసి, చేతిలో పట్టుకుని బిక్కమొగం వేసింది. "ఇగ దీన్నేం చెయ్యాలె? పారేసేది కాదు."

"గీ ఎర్ర పైపుకు కట్టు అత్తమ్మా" అంది శ్రీలత. "పైపు తిరిగేది కాదు, కదిలేది కాదు. ఎన్ని దారాలైన కట్టుకో, నాకు అడ్డం లేదు. స్విచ్చు ఒక్కటి నాకు ఇడిసిపెట్టు."

దుర్గవ్వ కట్టింది. స్విచ్చును కూడా శ్రీలత తాను ముట్టుకోలేదు, దుర్గవ్వతోనే తిప్పించింది. "ఏడ ఉండాలె?" "ఆటో." "మల్లొకసారి చెప్పు." "ఆటోనే తల్లీ, నీకు పుణ్యముంటది!"

ఇప్పుడు పంపు నిజంగా లేస్తుందా లేదా చూడాలి. శ్రీలత ఒక చక్రం లాంటి వాల్వును మెల్లగా తిప్పింది. పైపుల బిగువు చూపించే గడియారంలాంటి దాని ముల్లు కిందికి జారసాగింది. ముందు చిన్న పంపు సన్నగా మూలిగింది. ముల్లు ఇంకాస్త జారింది. అంతే, పెద్ద పంపు గర్జించింది! కాళ్ల కింద నేల వణికింది. బంతిపూల దండ రాలిపోయింది. దుర్గవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "లేసిందే అత్తా, లేసింది!" అని చిన్నపిల్లలా ఎగిరింది. నాకు కూడా ఒళ్లు జలదరించింది. మల్లేశ్వర్ ఒక్కడే అటు ఇటు చూసి అడిగాడు:

"అవునుగని, గీ నీళ్లు ఏడికి పోతున్నయ్?"

దుర్గవ్వ దండం పెట్టిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "మిరపకాయలు!"

ఆ మిరపకాయల అసలు కథ ఇది. లగ్గాల వంటలకని తెచ్చిన కాయలు కొంచెం మెత్తబడితే, గోడ వెనక నున్నటి సిమెంటు గచ్చు ఎండకు బాగుంటుందని దుర్గవ్వ అక్కడ ఆరబోసింది. పరీక్ష చేసినప్పుడు పంపు నీళ్లు బయటికి పోయే గొట్టం సరిగ్గా ఆ గచ్చు మీదికే ఉంది. మేము వెళ్లేసరికి మిరపకాయలన్నీ ఎర్రటి వాగులా కాలువలోకి ఊరేగుతున్నాయి. పగ లేదు, కోపం లేదు. వాల్వు తిప్పేముందు గోడ వెనక్కి పోయి చూడాల్సింది శ్రీలతే. దారం ఊడిందన్న సంబరంలో చూడలేదు. ఆ మాట ఆమే ఒప్పుకుంది.

"తప్పు నాదే అత్తమ్మా. చూడకుండ ఇడిసిన. ఊరోళ్లందరికి తలుపు ఎనక చూడుండ్రి, చూడుండ్రి అని చెప్పి, నేనే గోడ ఎనక చూడకపోతిని" అని చెప్పులు విడిచి కాలువలోకి దిగింది.

దుర్గవ్వ తిట్టడానికి నోరు తెరిచింది గాని, తడిసిన కారపు ఘాటుకు తుమ్ము వచ్చింది. ఆమె తుమ్మితే నేను తుమ్మాను, నేను తుమ్మితే మల్లేశ్వర్ తుమ్మాడు. తిట్టు మొదలుపెట్టడం, తుమ్మడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ తుమ్మడం. చివరికి ఆమెకే నవ్వు వచ్చి గట్టు మీద కూలబడింది. "పోనీ తియ్యే. నిద్రల కెళ్లి లేపినం గద, గా పంపుకు ఆకలై ఉంటది. తినిపోయింది."

బుట్టెడు కాయల్లో చాలావరకు దొరికాయి. శ్రీలత, నేను కలిసి హాలు డాబా మీద గుడ్డ పరిచి మళ్లీ ఎండబోశాం. డాబా మీద ఇద్దరమే ఉన్నాం. ఇంతకంటే మంచి సమయం ఎక్కడ దొరుకుతుంది? మెల్లగా కదిపాను.

"బడంగ్‌పేట్‌ల ఎండలు గిట్లనే ఉంటయా బిడ్డా?"

"నాకేం ఎరుక అవ్వా, నేను పోలేదు గద."

"అవును, వాళ్లే వచ్చిండ్రు గద మీ ఇంటికి... ఏం మాట్లాడిండ్రు?"

"అవ్వా, గా మిరపకాయ తొడిమె ఊడింది చూడు" అని అటువైపు వెళ్లిపోయింది. తొడిమె ఊడని మిరపకాయ ఒక్కటి కూడా లేదక్కడ.

ఆ సాయంత్రమే కాగితం మీద సంతకం పెట్టింది. పెడుతూ పెడుతూ ఇంకో మాట చెప్పింది. హాలు పక్కన నేల మీద ఎర్ర గీతలు గీసిన బాట ఉంది; ఫైరింజన్ రావాల్సిన దారి. అందులో ఒక్క బండి కూడా ఆగకూడదు, ఎంతటివాళ్లదైనా సరే. మల్లేశ్వర్ ఒప్పుకున్నాడు. అంతేకాదు, నా ముందే కంపెనీకి ఫోన్ చేశాడు. "సార్, మొన్న నేను వేరే మనిషిని పంపుండ్రి అన్న గద. గది రద్దు. ఎప్పటికీ గీ పిల్లనే పంపుండ్రి. కాకపోతే వచ్చే ముంగట జర చెప్పి రమ్మనుండ్రి, మేం ఏమన్న ఎండవోసుకుంటే తీసుకుంటం" అన్నాడు. శ్రీలత రావిర్యాల పోవాల్సిన పని తప్పింది.

పుకారు మాత్రం అక్కడితో ఆగలేదు. "భయపడి సంతకం పెట్టింది" అని దానికి కొత్త తోక మొలిచింది. నేను కనబడిన చోటల్లా తోక కత్తిరిస్తూనే ఉన్నాను, అది మొలుస్తూనే ఉంది. ఎందుకంటే అసలు ముడి ఇంకా విప్పలేదు. అరవింద్ ఆమెను ఎందుకు వద్దన్నాడు? అది తెలియకుండా ఎవరి నోరు మూయించను?

కార్తీకం వచ్చింది. కవిత పెళ్లి రోజు హాలు వెలిగిపోయింది. శ్రీలత పచ్చ పట్టుచీర కట్టుకుని చుట్టంలా వచ్చింది. రాగానే ముందు పైకప్పు చూసింది, తరువాత వెనక తలుపు చూసింది, తరువాతే కవితకు పసుపు పెట్టింది. అలంకరణవాళ్లు జీరాడే పరదా ఒకటి తలుపుకు అడ్డంగా వేస్తే దుర్గవ్వే వెళ్లి లాగేసింది. "పరదా పోతే మల్ల కొనుక్కుంటం, తలుపు నాకు కనవడాలె" అని వాళ్లకు పాఠం కూడా చెప్పింది.

బరాత్ వచ్చింది. బ్యాండు, డాన్సులు, పూల కారు. మేము హారతి పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడ్డాం. కారు నడుపుతున్న పెళ్లికొడుకు బామ్మర్ది వరస పిల్లవాడు ఉత్సాహంలో తెచ్చి సరిగ్గా ఆ ఎర్ర గీతల బాటలో ఆపాడు. శ్రీలత నా పక్కనే ఉంది. ఇప్పుడు ఈమె పోయి పెళ్లికొడుకు కారు తీయిస్తుంది. ఊరు ఊరంతా ఉంది. పుకారుకు ఇంకో తోక!

శ్రీలత కదలనే లేదు. కారు తలుపు తెరుచుకుంది. బాసింగం కట్టుకుని ఉన్న అరవింద్ హారతి ఇవ్వకముందే కాలు కింద పెట్టాడు.

"అరె, దిగొద్దు, దిగొద్దు! హారతి కాలే!" అని వియ్యపురాలు అరిచింది.

"హారతి ఆగుతది అమ్మా" అన్నాడు అరవింద్. "అరేయ్, బండి ఈడికెళ్లి తియ్యి."

"జరసేపే గద బావా, నువ్వు దిగంగనే తీస్త."

"జరసేపు లేదు, గిరసేపు లేదు. గా గీతలు కనవడ్తలేవా? తియ్యి ముందుగాల!" అని పట్టుబట్టలతో ఎదురుగా నిలబడి, చేతులు ఊపుతూ వెనక్కి, వెనక్కి అని ఆ పూల కారును తానే గీతల అవతలికి పంపించాడు. బ్యాండువాళ్లు కూడా ఆగి చూశారు. అరవింద్ తలపాగా జారి చెవి మీదికి వచ్చింది.

నా పక్కన కిసుక్కుమన్న శబ్దం. తిరిగి చూస్తే శ్రీలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వుతోంది. కుళ్లుకున్న మనిషి నవ్వు కాదది. విత్తిన చోట మొలక కనబడితే రైతు నవ్వే నవ్వు. ఇక నా వల్ల కాలేదు. హారతి పళ్లెం దుర్గవ్వ చేతిలో పెట్టి, ఆమెను స్తంభం పక్కకు లాక్కెళ్లాను.

"చూడు బిడ్డా, తిప్పి తిప్పి అడిగి అలిసిపోయిన. సీదా అడుగుతున్న, సీదా చెప్పు. వాడు నిన్నెందుకు వద్దన్నడు?"

శ్రీలత కళ్లు తుడుచుకుని, పీటల వైపు పోతున్న అరవింద్‌ను ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"వాడు వద్దనలే అవ్వా, నేనే వద్దన్న. చూపులకు వచ్చిన దినం కారు తెచ్చి మా గేటుకు అడ్డంగ పెట్టిండు, మనిషి బయటికి పోయే సందు లేకుంట. జర తీసి పక్కకు పెట్టుండ్రి అన్న. 'జరసేపే గద' అన్నడు. ఇగ నాకు చాయ్ ఇయ్య గూడ బుద్ధి కాలే. పోయేటప్పుడు మొకం మీదనే చెప్పిన, తొవ్వకు అడ్డం పెట్టెటోడు నాకొద్దని. పిల్ల వద్దన్నదంటే పిల్లగానికి నామోషీ అని బాపు ఎవ్వలకు చెప్పొద్దన్నడు, ఊకున్న. గిప్పుడు చూసినవ్ గద, బాసింగంతోని దిగి తీయించిండు! మనిషి మంచిగనే తయారైండు, రంది పడకు. అయినా కవితకు చెప్పు అవ్వా, కొన్ని దినాలు గేటు కాడ మాత్రం ఓ కన్నేసి ఉంచుమను."